మనోడైతే ‘వీరమరణం’, అవతలోడైతే ‘హతం’: యుద్ధం వార్తల్లో మాటలు, నాయకుల బొమ్మలు

బుగ్గవంక | కడప | శనివారం రాత్రి 9:12

మా నాయనకు 74 ఏళ్లు. 2025 మే 8 రాత్రి, పాకిస్తాన్‌తో మన కొట్లాట నడుస్తున్నప్పుడు, బీపీ మాత్ర వేసుకుని పడుకున్న మనిషి పదకొండు గంటలకు లేచి మిద్దెక్కినాడు. ఏంది నాయనా అంటే, సైరన్ మోగుతాందిరా అన్నాడు. మోగింది టీవీలో. పక్క గదిలో మా తమ్ముడు వార్తలు పెట్టుకుని సౌండు పెంచినాడు. ఏడు రోడ్ల దగ్గర సైరన్ ఎవరు మోగిస్తారు నాయనా అని నచ్చజెప్పి కిందికి తెచ్చేసరికి అర్ధరాత్రి అయింది. ఇక ఆయనా పడుకోలేదు, మేమూ పడుకోలేదు. అందరం టీవీ ముందే.

ఆ రాత్రి ఒక ఛానల్లో కరాచీ రేవు తగలబడిపోయింది. ఇంకోదాంట్లో మన సైన్యం ఇస్లామాబాద్‌లోకి దూరిపోయింది. తెల్లారేసరికి రెండూ లేవు. మేం చూసిన ఛానళ్లలో మాత్రం పొరపాటు జరిగిందన్న మాట వినపడలేదు.

అబద్ధాల సంగతి అందరూ మాట్లాడేశారు. నాకు పట్టుకున్నది వేరే. రాత్రంతా తెరకు ఎడమ పక్క మంటలు, కుడి పక్క మన నాయకుడి ముఖం. విమానం ఎగిరితే దాని వెనకా ఆయనే. అవతలి దేశం నాయకుడిని చూపించాల్సి వస్తే నుదురు తుడుచుకుంటున్న బొమ్మ. అదొక్కటే, మళ్లీ మళ్లీ. ఇదెవరు నిర్ణయిస్తారు? ఏ బొమ్మ పెట్టాలి, ఏ మాట వాడాలి అని ఆఫీసులో కూర్చుని అనుకుంటారా, చెయ్యి అలవాటుగా అటే పోతుందా? పత్రికల్లో, టీవీల్లో పనిచేసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, చెప్పండి. పార్టీ గొడవ వద్దు. ఏ దేశమైనా, ఏ నాయకుడైనా సరే.

ఉగ్గాని బజ్జీ | కర్నూలు | 9:20

అన్నా, ఆ మంటల్లో కొన్ని వీడియో గేమ్‌వి. ఆర్మా 3 అని ఒక గేమ్ ఉంది. అందులోని సీన్లు అసలు యుద్ధం అని ఉక్రెయిన్ అప్పుడు తిరిగాయి, గాజా అప్పుడు తిరిగాయి, మే నెలలోనూ తిరిగాయి. మా రూమ్మేట్ ఆ గేమ్ ఆడతాడు. టీవీ చూసి “ఈ మిషన్ నేను దాటేశాను” అన్నాడు.

పాత డెస్క్ | అనంతపురం | 9:58

బుగ్గవంక గారూ, నేను ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్ డెస్కులో 22 ఏళ్లు సబ్ ఎడిటర్‌గా చేసి బయటికొచ్చినవాణ్ణి. ఆఫీసులో కూర్చుని అనుకుంటారా అని అడిగారు. నా అనుభవంలో అనుకునేది చాలా తక్కువ. రాత్రి పదకొండున్నరకు పేజీ వదలాలి. ఏజెన్సీ కాపీ, అంటే వార్తా సంస్థ పంపే వార్త, ఇంగ్లిషులో వస్తుంది. పావుగంటలో తెలుగు చెయ్యాలి, హెడ్డింగ్ మూడు కాలమ్స్‌లో రెండు లైన్లలో పట్టాలి. అప్పుడు చెయ్యి అలవాటైన మాట మీదికే పోతుంది. ఆ అలవాటు ఎవరు నేర్పారు అంటే, మాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు.

చావుకు మా దగ్గర ఎన్ని మాటలుండేవో చూడండి. మన సైనికుడైతే ‘వీరమరణం’, లేదంటే ‘నేలకొరిగిన జవాన్లు’. అవతలివాడైతే ‘హతం’, ఊపు మీదుంటే ‘మట్టుబెట్టారు’. రెండింటికీ సంబంధం లేని మూడో దేశంలో మామూలు జనం పోతే ‘మృతి’. ఈ ‘మృతి’ ఉంది చూశారూ, అది మా డెస్కుకు దొరికిన గొప్ప వరం. ఇంగ్లిషువాళ్లు పాసివ్ వాయిస్‌తో చంపినవాణ్ణి దాచిపెడతారని ఈమధ్య గాజా వార్తల మీద పెద్ద చర్చ జరిగింది. మనకు అంత కష్టం కూడా లేదు. ‘బాంబు దాడిలో 30 మంది మృతి’. అయిపోయింది. వేసినవాడు ఆ వాక్యంలో లేడు, ఉండాల్సిన అవసరమూ వ్యాకరణానికి లేదు. చదివేవాడికి ఏదో లోటు అనిపించదు. పిడుగుపాటుకు ముగ్గురు మృతి అన్నట్టే ఉంటుంది.

దాడికి కూడా అంతే. ఒకరు చేస్తే ‘దాడి’, ఇంకొకరు చేస్తే ‘ప్రతీకార దాడి’. ఎవరు మొదలుపెట్టారన్న తీర్పు ఆ ‘ప్రతీకార’లో వచ్చేస్తుంది. ఇక నాయకులు. ఇద్దరూ బెదిరింపు మాటే మాట్లాడి ఉంటారు. మనవాడిదైతే ‘గట్టి హెచ్చరిక’, పక్కదేశం వాడిదైతే ‘కవ్వింపు’, ‘రంకెలు’, బాగా కోపమొస్తే ‘ప్రేలాపన’. చర్చలకు మనవాడు ఒప్పుకుంటే ‘శాంతికి చొరవ’. వాడు ఒప్పుకుంటే ‘కాళ్ల బేరం’, ‘తోకముడిచిన’ ఫలానా దేశం. ఈ మాటలన్నీ నేను వాడినవే. ఎవరో చెప్తే వాడలేదు, హెడ్డింగులో బాగా పడతాయని వాడాను.

ఫొటో సంగతి మీరు చెప్పింది నిజం. మా కంప్యూటర్లో ఒక్కో నాయకుడికీ ఒక ఫోల్డరు ఉండేది. పొరుగు దేశం వాళ్ల ఫోల్డర్లో చెమట తుడుచుకునేది ఒకటి, నోరు తెరిచి అరిచేది ఒకటి, తలవంచుకుని నడిచేది ఒకటి. నవ్వుతున్నవి కూడా ఉండేవి, అవి క్రికెట్ సిరీస్ ఉన్నప్పుడు వాడేవాళ్లం.

తుంగభద్ర గట్టు | కర్నూలు | 10:15

సార్, మీరు తప్పు ఒప్పుకుంటున్నట్టు రాశారు గానీ, నాకు ఇందులో తప్పు కనపడటం లేదు. యుద్ధం అంటే రెండు ఊళ్ల మధ్య కబడ్డీ కాదు, రిఫరీ లాగా మాట్లాడటానికి. మన పిల్లోడు పోతే ‘మృతి’ అని రాస్తే వాడి తల్లి ఆ పేపరు చూడగలదా? వీరమరణం అనాల్సిందే.

నాయకుడి బొమ్మ కూడా ఆయుధమే. ఉక్రెయిన్ జెలెన్‌స్కీని చూడండి. రాజకీయాల్లోకి రాకముందు కామెడీ నటుడు, టీవీలో అధ్యక్షుడి వేషం కూడా వేశాడు. 2022 ఫిబ్రవరి 24న రష్యా లోపలికి వచ్చింది. పారిపోయాడని పుకారు లేపారు. మరుసటి రోజు రాత్రి రాజధాని కీవ్ వీధిలో నిలబడి, పక్కన ప్రధానిని పెట్టుకుని, ఫోన్లో తీసిన వీడియో వదిలాడు, మేమంతా ఇక్కడే ఉన్నాం అని. ఆ ఆకుపచ్చ టీషర్టు ఆ తర్వాత నెలల తరబడి ఒంటి మీద నుంచి దిగలేదు. అదంతా నటనే అనుకుందాం. ఆ నటన లేకపోతే జనం నిలబడేవాళ్లా? రెండు వారాల ముందు పుతిన్ ఫ్రాన్స్ అధ్యక్షుడిని ఆ పొడుగాటి బల్లకు అటు చివర కూర్చోబెట్టి మాట్లాడాడు గుర్తుందా. ఆ బొమ్మ ముందు ఈ టీషర్టు. సగం ప్రపంచం అప్పుడే ఎటువైపు ఉండాలో తేల్చుకుంది.

బుగ్గవంక | కడప | 10:21

గట్టు అన్నా, ఆ ఉక్రెయిన్‌లోనే ‘కీవ్ దెయ్యం’ అని ఒక పైలట్ ఒక్కడే రష్యా విమానాలన్నీ కూల్చేస్తున్నాడని ప్రపంచమంతా రాసింది. ఏప్రిల్ ఆఖరుకు వాళ్ల వైమానిక దళమే అది కథ అని చెప్పింది. పాముల దీవిలో 13 మంది సైనికులు రష్యా నౌకకు ఎదురు తిరిగి చనిపోయారని జెలెన్‌స్కీయే ప్రకటించాడు. నాలుగు రోజులు తిరక్కుండానే, బతికే ఉన్నారు, బందీలయ్యారు అని వాళ్ల నౌకాదళం చెప్పింది.

తుంగభద్ర గట్టు | కర్నూలు | 10:24

చెప్పింది కదా. తామే చెప్పుకున్నారు కదా. నువ్వు చూసిన ఛానళ్లు చెప్పలేదు అంటున్నావు. తేడా అక్కడుంది, బొమ్మలో లేదు.

కువైట్ చిన్నమ్మ కొడుకు | రాజంపేట | 10:41

నాది యుద్ధం వార్తల్లో పాత అనుభవం. 1990లో నాకు పదకొండేళ్లు. మా చిన్నమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉండేది. మా రాజంపేట, కోడూరు, రాయచోటి పక్క ఎవరింటికి పోయినా ఒక కువైట్ మనిషి ఉంటారు, మీకు తెలిసిందే. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆ రోజు నుంచి చిన్నమ్మ దగ్గర్నుంచి ఉత్తరం లేదు, ఫోను లేదు.

మా వీధిలో మూడు రేడియోలు మూడు రకాలుగా చెప్పేవి. మా ఇంట్లో ఆకాశవాణి. ప్రభుత్వం అన్ని చర్యలూ తీసుకుంటోంది అని వినపడేది. ఎదురింట్లో దర్జీ సాహెబు చిన్న ట్రాన్సిస్టర్‌లో బీబీసీ ఉర్దూ పెట్టేవాడు. అందులో అంతా సద్దాం, బుష్, సౌదీకి దిగిన అమెరికా సైన్యం. మా అవ్వ రోజూ సాయంత్రం అక్కడికి పోయి కూర్చునేది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. సాహెబు విని చెప్పేవాడు. మూడో రేడియో టీ అంగట్లో, దాంట్లో ఎక్కువ భాగం అంగట్లో కూర్చున్నవాళ్లే వార్తలు చదివేవాళ్లు.

అప్పుడు పేపర్లో ఒక ఫొటో వచ్చింది. మన విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ పోతే సద్దాం ఆయన్ని కౌగిలించుకున్నాడు. ఆ ఒక్క ఫొటో మీద ప్రపంచమంతా మనల్ని తిట్టింది, దురాక్రమణ చేసినవాడితో కౌగిలింతలా అని. మా అవ్వ మాత్రం ఆ పేపరు ముక్క దేవుడి పటం పక్కన పెట్టింది. ఆయన వాటేసుకున్నాడంటే మన పిల్లను వదుల్తాడు అని ఆమె లెక్క. ఫొటో ఒకటే. లండన్‌లో చూసినవాడికి సిగ్గుచేటు, మా ఇంట్లో నమ్మకం.

చిన్నమ్మ బస్సుల్లో, లారీల్లో ఇరాక్ దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి వచ్చింది. ఎయిరిండియా 488 విమానాలు నడిపి లక్షకు పైగా మందిని తెచ్చింది. ఆ సంగతి అప్పటి ప్రపంచ వార్తల్లో ఎక్కడో మూల. వాళ్లకు కావాల్సింది క్షిపణులు. 1991 జనవరి 17న బాంబులు మొదలైనప్పుడు సీఎన్ఎన్ వాళ్లు బాగ్దాద్ హోటల్లోంచి లైవ్ ఇచ్చారు. ఆకాశంలో పచ్చటి మెరుపులు. అప్పటికి చిన్నమ్మ ఇంట్లో ఉంది. ఆ మెరుపులు ఏ సందులో పడ్డాయో ఆమెకు తెలియదు గానీ, “అక్కడ నీళ్ల ట్యాంకర్ కాడ మాతో నిలబడిన సూడాన్ పిల్ల యాడుందో” అని అడిగేది. ఆ ప్రశ్నకు ఏ టీవీలోనూ జవాబు రాలేదు.

లెక్చరర్, దర్గా వీధి | కడప | 11:05

కువైట్ మాట వచ్చింది కాబట్టి. 1990 అక్టోబర్ 10న అమెరికా పార్లమెంటు సభ్యుల ముందు నయీరా అని ఒక 15 ఏళ్ల అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. కువైట్ ఆసుపత్రిలో ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసిబిడ్డలను తీసి నేల మీద పడేశారని, తాను కళ్లారా చూశానని. ఇంటిపేరు చెప్పలేదు, కువైట్‌లో ఉన్న తన వాళ్లకు ప్రమాదమని. అధ్యక్షుడు బుష్ ఆ కథను మీటింగు మీటింగులో చెప్పాడు. 1991 జనవరిలో సెనేట్ యుద్ధానికి ఒప్పుకుంది 52-47 ఓట్లతో. ఎంత సన్నటి తేడానో చూడండి.

ఏడాది తర్వాత, 1992 జనవరిలో బయటపడింది. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి సొంత కూతురు. సాక్ష్యం వెనక ఉన్నది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార కంపెనీ. ఇంక్యుబేటర్ల కథకు ఆధారం దొరకలేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లో ఘోరాలు చేయలేదని కాదు, చేసింది. నిజం ఘోరాలు ఉండగా ఒక కల్పిత ఘోరం ఎందుకు కావాల్సి వచ్చింది అన్నది నేను పిల్లల్ని అడిగే ప్రశ్న. ఒక అమ్మాయి చటుక్కున చెప్పింది: “సార్, నిజం ఘోరంలో కెమెరా ఉండదు కదా.”

రెండోది 2003. ఏప్రిల్ 9న బాగ్దాద్ ఫిర్దౌస్ కూడలిలో సద్దాం విగ్రహం కూల్చారు. నేను డిగ్రీలో ఉన్నాను, హాస్టల్ టీవీలో చూశాను. దేశం దేశమే తరలివచ్చి కూల్చిందనుకున్నాను. తర్వాత దూరం నుంచి తీసిన ఫొటోలు చూస్తే కూడలి చాలావరకు ఖాళీ. జనం ఉన్నది ఒక మూల గుంపుగా. విగ్రహాన్ని లాగింది అమెరికా సైన్యం వాహనం. ఆ కూడలే ఎందుకు? విదేశీ విలేకరులంతా దిగిన పాలస్తీనా హోటల్ సరిగ్గా దాని ఎదురుగా ఉంది. కెమెరా ఎక్కడికీ పోవాల్సిన పని లేదు, బాల్కనీలోకి వస్తే చాలు. ఒక సైనికుడు విగ్రహం ముఖానికి అమెరికా జెండా కప్పాడు, వెంటనే ఎవరికో తట్టి తీయించారు, ఇరాక్ జెండా తెచ్చారు. ఆ కాసేపట్లో యుద్ధానికి పెట్టుకున్న పేరూ (‘ఇరాకీ ఫ్రీడం’, ఇరాక్ స్వేచ్ఛ అని) అసలు సంగతీ రెండూ ఒకే తెర మీద కనపడ్డాయి.

నెల తిరక్కముందే, మే 1న చిన్న బుష్, అంటే ఆ బుష్ కొడుకు, అప్పటి అధ్యక్షుడు, పైలట్ డ్రెస్సులో విమానంలో యుద్ధనౌక మీద దిగాడు. వెనక పెద్ద బ్యానరు, పని పూర్తయింది అని. నౌక శాన్ డియాగో తీరానికి దగ్గర్లోనే ఉంది, సముద్రం నడిమధ్యలో ఉన్నట్టు కనపడింది. ఆ యుద్ధం ఆ తర్వాత ఎనిమిదేళ్లు సాగింది. ఏ బొమ్మ ఆయన్ని వీరుడిగా చూపించాలని తీశారో, అదే బొమ్మ ఆయన్ని ఎగతాళి చెయ్యడానికి అందరికీ పనికొచ్చింది. గట్టు గారన్న ఆయుధం మాట నిజమే. కాకపోతే అది ఇంట్లో పేలే రకం.

తుంగభద్ర గట్టు | కర్నూలు | 11:13

లెక్చరర్ సార్, అమెరికా కథలే చెప్తారు. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం గెలిచినప్పుడు ఇందిరమ్మను వాజ్‌పేయి దుర్గ అన్నాడు. ప్రతిపక్షం నాయకుడే అన్నాడు. దాన్ని ఏ ప్రచార కంపెనీ చేయించింది?

పాత డెస్క్ | అనంతపురం | 11:19

గట్టు గారూ, అదే చిక్కు. తాను ఆ మాట అనలేదని వాజ్‌పేయి గారే తర్వాత చెప్పారు. అయినా మేం ప్రతి డిసెంబరు 16కీ, ఆ గెలుపు రోజున, రాసేవాళ్లం. నేనే కనీసం ఐదారుసార్లు రాసి ఉంటాను. ఒకసారి కాపీలోంచి తీసేస్తే, పై నుంచి ఫోను, ‘దుర్గ మాట ఏమైంది’ అని.

తుంగభద్ర గట్టు | కర్నూలు | 11:22

అదేందప్పా! మా నాయన చచ్చేదాకా చెప్పినాడు ఆ మాట.

పాత డెస్క్ | అనంతపురం | 11:24

పేపర్లో చదివి ఉంటారు. నా పాపమే అయుండొచ్చు.

ఖార్కివ్ రిటర్న్ | నంద్యాల పక్కన | ఆదివారం ఉదయం 7:40

రాత్రంతా చదువుతూనే ఉన్నాను, రాయాలా వద్దా అని. నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ మూడో ఏడాదిలో ఉండగా యుద్ధం వచ్చింది. హాస్టల్ కింద బంకర్‌లో ఆరు రోజులు. మార్చి 1న కర్ణాటక హావేరి అబ్బాయి సరుకుల క్యూలో ఉండి చనిపోయాడు. మరుసటి రోజు రాయబార కార్యాలయం నుంచి మెసేజ్, సాయంత్రం ఆరు లోపల ఖార్కివ్ వదిలి పెసోచిన్, బబాయే, బెజ్ల్యుదోవ్కా ఊళ్లకు పొండి, వాహనాలు లేకపోతే నడిచైనా పొండి అని. రైళ్లలో మమ్మల్ని ఎక్కనివ్వలేదు. పది, పదకొండు కిలోమీటర్లు మంచులో నడిచాం. సూట్‌కేసు చక్రం ఊడిపోతే రోడ్డు మీదే వదిలేశాను. అందులో మా అమ్మ పెట్టిన నువ్వుల పొడి ఉంది. ఇప్పటికీ అదే గుర్తొస్తుంది, సర్టిఫికెట్లు కాదు.

మేం నడుస్తుండగానే పక్కల్లోనే పేలుళ్లు. రాత్రికి నెట్ దొరికి చూస్తే, మన పిల్లలు బయటపడటానికి రష్యా ఆరు గంటలు యుద్ధం ఆపింది, మన నాయకుడు ఆపించాడు అని ఇండియాలో వార్త. పక్కనున్న కేరళ అమ్మాయి అది చదివి నవ్వింది, ఆపకుండా నవ్వి తర్వాత ఏడ్చింది. మార్చి 3న మన విదేశాంగ శాఖ అధికార ప్రతినిధే విలేకరుల సమావేశంలో ఖండించారు, ఎవరో బాంబులు ఆపారనడం సరికాదని. ఖండన ఎంతమంది చూశారో గానీ, మా ఊరికొచ్చాక పెళ్లిళ్లలో నన్ను అందరూ అడిగింది ఆ ఆరు గంటల గురించే.

ఇంకొకటి. సరిహద్దు దాటాక ఒక ఛానల్ వాళ్లు వీడియో కాల్‌లో మాట్లాడించారు. నేను చెప్పింది ఇది: “మొదటి ఐదు రోజులు ఎవరూ ఫోను ఎత్తలేదు. మా అంతట మేమే నడిచాం. సరిహద్దు దాటాక మాత్రం మనవాళ్లు బాగా చూసుకున్నారు, థ్యాంక్స్.” టీవీలో వచ్చింది ‘మనవాళ్లు బాగా చూసుకున్నారు, థ్యాంక్స్’. దాని మీద వందేమాతరం మ్యూజిక్. ఇంకో ఛానల్ వాళ్లతోనూ అదే చెప్పాను. వాళ్లు వేసింది ‘ఎవరూ ఫోను ఎత్తలేదు’. ఇద్దరూ నేను అనని మాట వెయ్యలేదు. కేసు పెట్టడానికి కూడా లేదు.

ఉగ్గాని బజ్జీ | కర్నూలు | 7:52

అక్కా, దండం. రెండు ముక్కలూ కలిపి ఎక్కడైనా ఉన్నాయా?

ఖార్కివ్ రిటర్న్ | నంద్యాల పక్కన | 7:55

ఇక్కడే తమ్ముడూ. ఇప్పుడు రాసినదే.

56 ఏపీఓ | అనంతపురం జిల్లా | 8:30

నేను సైన్యంలో 17 ఏళ్లు చేసి దిగినాను. కార్గిల్ అప్పుడు ద్రాస్ పక్క ఉన్నాను. ఎక్కువ చెప్పను.

అప్పుడు టీవీవాళ్లు మొదటిసారి కొండల దాకా వచ్చినారు. మంచివాళ్లు ఉన్నారు, మా ఉత్తరాలు కూడా కిందికి తీసుకుపోయి పోస్టు చేసినారు. లైటు వేసి రాత్రిపూట లైవ్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు, దాంతో మాకు ఎంత టెన్షనో వాళ్లకు తెలియదు. ఇంకో సంగతి మీ చర్చలో రాలేదు. అంతకుముందు యుద్ధాల్లో పోయినవాళ్లకు అక్కడికక్కడే దహనం. ఇంటికి వచ్చేది తంతి. కార్గిల్‌లోనే పెట్టెలు ఊళ్లకు రావడం మొదలైంది. ఆ యుద్ధంలో పోయింది 527 మంది. పెట్టె వస్తే కెమెరా వస్తుంది, కెమెరా వస్తే నాయకుడు వస్తాడు. నేను తప్పు పట్టడం లేదు, ఎవరూ రాకపోతే ఇంకా బాధ. ఉన్న సంగతి చెప్తున్నాను.

2025 మేలో మా కోడలు ఆ సైరన్లు విని రాత్రంతా కూర్చుంది. మా వాడు పంజాబ్‌లో పోస్టింగ్. కరాచీ పోయింది అని టీవీవాడు గెంతులేస్తాడు. కరాచీ పోతే వాడు ఊరుకుంటాడా, తిరిగి మా వాడి మీదే గదా వేసేది అని ఆ పిల్ల ఏడుపు. గెలిచినాం అని చెప్పినా ఆమెకు భయమే. రెండు రోజులకు, మే 10న, సివిల్ డిఫెన్స్ వాళ్లు టీవీలకు చెప్పినారు, ప్రోగ్రాముల్లో సైరన్ శబ్దాలు వాడొద్దు, నిజంగా మోగినప్పుడు జనం పట్టించుకోరు అని. ఆపరేషన్లు లైవ్ చూపొద్దని అంతకు రెండు వారాల ముందే కేంద్రం చెప్పింది. ఇది చెప్పించుకోవాల్సిన మాటా?

ఆ వారంలోనే గోరంట్ల మండలం కల్లితండా అగ్నివీర్ పోయినాడు. మాకు పక్కనే. కరాచీ గురించి ఆ రాత్రి అరిచినవాళ్లలో ఎంతమందికి కల్లితండా యాడుందో తెలుసు?

తుంగభద్ర గట్టు | కర్నూలు | 8:41

సార్, మీకు సెల్యూట్. మీ మాట మీద నేను మాట్లాడను.

ఏడు రోడ్ల కుర్రోడు | కడప | 9:15

అంతర్జాతీయం అంతా బాగుంది గానీ, మనకు యుద్ధం దాకా ఎందుకు? ఎన్నికల ముందు మన పేపర్లు చూస్తే చాలు. ఒకే సభ. ఒక దాంట్లో జనసంద్రం, డ్రోన్ ఫొటో. ఇంకోదాంట్లో ఖాళీ కుర్చీలు, వెనక వరసలో నిద్రపోతున్న ముసలాయన. ‘ఆ రెండు పత్రికలు’ అని వైఎస్ అన్నప్పుడు మా ఇంట్లో నవ్వుకున్నాం. తర్వాత ఇంకో పత్రిక వచ్చింది, ఇటువైపు నుంచి. మా మామ పొద్దున్నే రెండు రకాలూ కొంటాడు. సరాసరి తీసుకుని చదువుతానంటాడు.

జమ్మలమడుగు జాంకాయ | 9:22

మొదలుపెట్టినావా! మీ పేపరు రాసేది వార్తా? అది పత్రికా, కరపత్రమా?

ఏడు రోడ్ల కుర్రోడు | కడప | 9:23

మా పేపరు అని నేనెప్పుడన్నా? రెండూ అన్నా గదా. నీకు ఒకటే కనపడిందంటే…

మోడరేటర్ | 9:31

ఇద్దరివీ కలిపి పదకొండు పోస్టులు తీసేశాను. కుర్రోడు గారి మామ సరాసరి మాత్రం ఉంచాను, బాగుంది. బుగ్గవంక గారు మొదట్లోనే చెప్పారు, పార్టీ గొడవ వద్దని. మళ్లీ మొదలైతే తాళం వేస్తాను.

పాత డెస్క్ | అనంతపురం | 10:48

కుర్రోడు గారు మన ఊళ్ల మాట ఎత్తారు కాబట్టి, పార్టీ పేరు లేకుండా ఒకటి చెప్తాను. యుద్ధం భాష నేను యుద్ధం వార్తల్లో నేర్చుకోలేదు. ఫ్యాక్షన్ వార్తల్లో నేర్చుకున్నాను.

తొంభైల్లో డెస్కులో చేరాను. రాత్రి ఎనిమిదికి కంట్రిబ్యూటర్ (ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరి) ఫోను చేసేవాడు, ఫలానా ఊర్లో ఒకరిని చంపేశారు అని. మొదటి ప్రశ్న ఏమడిగేవాళ్లమో తెలుసా? పేరు కాదు. “ఎవరి వర్గం?” హెడ్డింగు ఎప్పుడూ ఒకటే: ‘ఫలానా వర్గీయుడి హత్య’. చచ్చినవాడి పేరు రెండో పేరాలో. వాడికి ఎన్ని ఎకరాలు, ఎందరు పిల్లలు, వేరుశనగ వేశాడా, ఆ రోజు సంతకు ఎందుకు పోయాడు, ఏదీ ఉండదు. నాయకుడి పేరు హెడ్డింగులో ఉంటుంది, ఆయన ఫొటో పక్కన ఉంటుంది, ఆయన ఇంట్లో భోంచేస్తుంటాడు.

ఒకసారి గుత్తి పక్క ఒక ఊరి నుంచి ఒకామె ఆఫీసుకొచ్చింది. చేతిలో మా పేపరు. నాలుగు మడతలు పెట్టి కొంగులో కట్టుకొచ్చింది. విప్పి బల్ల మీద పరిచి, చదువు రాదు గాబట్టి వేలితో ఫొటో చూపించి, “ఇదెవరు?” అంది. నాయకుడి పేరు చెప్పాను. “నా మొగుడిది యాడుంది?” అంది. ఫొటో లేదు. పేరు చూపించాను, ఫలానా చోట ఉందమ్మా అని. ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు అట్లే నిలబడింది. తర్వాత మడత పెట్టుకుని పోయింది. నేను పేజీ లేటవుతుందని పనిలో పడ్డాను.

సీమ అంటే బాంబులు, సుమోలు, వేట కొడవళ్లు అని సినిమాలు చూపిస్తే మనకు కోపమొస్తుంది. రావాల్సిందే. ఆ బొమ్మకు మొదటి రాయి వేసింది మా హెడ్డింగులే. ఇప్పుడు గాజాలో, యెమెన్‌లో, ఉక్రెయిన్‌లో పోయినవాళ్లను ‘ఫలానా దేశస్తులు’, ‘ఫలానా సంస్థ సానుభూతిపరులు’ అని చదివినప్పుడల్లా నాకు ‘వర్గీయుడు’ అనే వినపడుతుంది.

లెక్చరర్, దర్గా వీధి | కడప | 11:02

సార్, ఈ పోస్టు మా పిల్లలకు చూపించవచ్చా?

పాత డెస్క్ | అనంతపురం | 11:06

చూపించండి. నా పేరు అడక్కండి.

తుంగభద్ర గట్టు | కర్నూలు | 11:40

నేను ఇప్పటికీ వీరమరణం అనే అంటాను. అయితే నిన్న రాత్రి నుంచి ఒక పని చేశాను. మా ఇంట్లో పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మడానికి కట్టిపెట్టి ఉన్నాయి. మే నెలవి వెతికి తీశాను. 9వ తేదీ నుంచి 12 దాకా మొదటి పేజీలు పరిచాను. నాయకుల ఫొటోలు ఎన్ని, సైనికులవి ఎన్ని, సరిహద్దు ఊళ్లవి ఎన్ని అని పెన్సిల్‌తో లెక్క వేశాను. పూంఛ్‌లో ఇళ్లు కూలిన ఫొటో ఒక్కటే దొరికింది, అది కూడా మడత కింద. మా ఆవిడ వచ్చి, అమ్మేవి మళ్లీ పరిచావేంది అని అరిచింది. అంకెలు రాయను. నేను కొనేది ఒక్క పేపరే, దాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు. కుర్రోడి మామ దగ్గర రెండు రకాలూ ఉంటే ఆయన్ని లెక్కపెట్టమనండి.

బుగ్గవంక | కడప | రాత్రి 8:05

అందరికీ దండాలు. ఈ పొద్దు మా నాయనకు పాత డెస్క్ సార్ రాసింది మొత్తం చదివి వినిపించినాను. గుత్తి ఆమె దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఏమీ అనలేదు, పేపరు తెమ్మన్నాడు. లోపలి పేజీలో వేలు పెట్టి, గట్టిగా ఒక హెడ్డింగు చదివినాడు. వైమానిక దాడిలో ఇంతమంది మృతి అని ఉంది.

“ఎవురు ఏసినారంటరా?”

ఉగ్గాని బజ్జీ | కర్నూలు | 8:09

ఇంట్రోలో, అదే మొదటి పేరాలో, ఉందా అన్నా?

బుగ్గవంక | కడప | 8:14

ఆరో పేరాలో ఉంది. నాయన ఇంకా రెండో పేరా దగ్గరే ఉన్నాడు, చదవనీ.